పొర దాటిన ఉదజని

మా డెల్టా వాళ్ళం చాలా ఏళ్ళుగా ఒక పొరను నమ్ముకుని దాహం తీర్చుకుంటున్నాం. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. కొల్లేటి లంకల్లోనూ, కైకలూరు, ఆకివీడు చుట్టుపట్ల పల్లెల్లోనూ, ఏలూరు వీధుల్లోనూ తెల్లవారేసరికి గుమ్మం ముందు దిగే ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఒక పలుచని పొర గుండా ఒత్తిడితో వడిసి వచ్చినదే. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన నీరంతా చేరే చోట తాగునీరు కొనుక్కోవలసి రావడం వేరొక కథ, దానిని మరొకనాడు చెప్పుకుందాం. ఆ పొరను పనికివచ్చేటట్టు చేసిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్, మరొకరు సిడ్నీ లోబ్. 1959-60 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆ పని జరిగింది. 1965లో ఉప్పునీటితో వేగుతున్న కోలింగా అనే చిన్న ఊరికి దానితో మంచినీరు ఇచ్చారు. అంటే పొర పుట్టిల్లు ప్రయోగశాల, మెట్టినిల్లు నీటి ఎద్దడి ఉన్న ఊరు. పొరల చరిత్రలో ఈ తీరు మళ్ళీ మళ్ళీ కనబడుతుంది గనుక ముందుగా ప్రస్తావించాను.

నేను ఈసారి చెప్పబూనినది ఇంకొక పొర సంగతి. ఉదజనితో విద్యుత్తు పుట్టించే ఇంధన ఘటానికి గుండెకాయ వంటి పొర అది. కొత్త రకం పొర వచ్చింది, ఇక కార్లూ లారీలూ ఉదజనితో నడుస్తాయి, పెట్టుబడి పెట్టినవారి పంట పండినట్టే అనే వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. తాడేపల్లిగూడెంలో పాత విమానాశ్రయ భూముల్లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో రసాయన ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇది పాఠం. నావంటి తెలుగు పండితునికి ఇది చరిత్ర. చరిత్రగా చదివితే ఆ వార్తలు కొంచెం వేరుగా కనబడతాయి.

మాట విషయం ఒకటి తేల్చుకుని సాగుదాం. మెంబ్రేన్ అనే పదానికి మన పారిభాషిక గ్రంథాలు త్వచం అన్నాయి. త్వచమంటే చర్మం కూడాను. నాకు మాత్రం ఉల్లిపొర, కంటిపొర అనే మాటలలోని పొరే నచ్చుతుంది. కొల్లేటి జాలరులు వెదురుబద్దలతో అల్లే మావును చూసినవారికి పొర చేసే పనిని వేరే వివరించనక్కరలేదు. నీటికి దారి ఉంటుంది, చేపకు ఉండదు. ఇంధన ఘటంలోని పొర ఇంకా కఠినమైన కావలి. దానికి ఒక పక్క ఉదజని, మరొక పక్క గాలి. ఉదజని అణువు ప్లాటినం రజను తగిలి విడిపోతుంది. అందులోని ధన కణమైన ప్రోటానును మాత్రమే పొర లోపలికి రానిస్తుంది. ఎలక్ట్రానుకు దారి ఇవ్వదు. అది చుట్టు తిరిగి తీగ వెంట పోవలసిందే. ఆ చుట్టు తిరుగుడే మనకు విద్యుత్తు. అవతలి పక్క ఇద్దరూ కలుసుకుని, గాలిలోని ప్రాణవాయువుతో చేరి నీరవుతారు. పొగ లేదు, మసి లేదు.

ఇంత సుళువైన సంగతి ఎప్పటిదని అడిగితే 1839 నాటిదని చెప్పాలి. విలియం రాబర్ట్ గ్రోవ్ అనే న్యాయవాది (తరువాత న్యాయమూర్తి కూడా అయ్యాడు) గాజుగొట్టాలలో ఈ రెండు వాయువులనూ ఉంచి, పలచని గంధకికామ్లంలో ప్లాటినం రేకులు ముంచి విద్యుత్తును పుట్టించాడు. అప్పటికి పొర లేదు, ఆమ్లమే మధ్యవర్తి. ఆ తరువాత నూరేళ్ళకు పైగా దానిని వింతగా చూశారే తప్ప పనిలో పెట్టినవారు లేరు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ జీవితకాలమంతా క్షారద్రవంతో కుస్తీపట్టి 1959లో 5 కిలోవాట్ల యంత్రాన్ని నడిపించి చూపాడు. చంద్రునిపైకి వెళ్ళిన అపోలో నౌకలలో విద్యుత్తునూ తాగునీటినీ ఇచ్చినవి ఆయన పద్ధతిలోని ఘటాలే.

ద్రవం బదులు పొరను పెట్టాలన్న ఊహ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసే విలార్డ్ థామస్ గ్రబ్‌ది. సంవత్సరం 1955. మూడేళ్ళకు ఆయన సహోద్యోగి లెనార్డ్ నీడ్రాక్ ఆ పొరమీదనే ప్లాటినాన్ని అంటించే ఉపాయం కనిపెట్టాడు. 1965 ఆగస్టులో జెమిని-5 నౌకలో అది అంతరిక్షానికి ఎగిరింది. గొప్పే. కానీ ఆ పొర పాలిస్టైరీన్ జాతిది, చల్లారక ముందే శిథిలమయ్యేది. వందల గంటలలోనే దాని ఆయువు తీరేది. అది విడిచిన మలినాల వల్ల ఘటంలో పుట్టిన నీరు తాగడానికి పనికిరాలేదు. వారం రెండు వారాల యాత్రకు సరిపోయే వస్తువు నేలమీద ఎవరికి కావాలి? చంద్రయాత్ర వచ్చేసరికి పొరను పక్కనబెట్టి బేకన్ క్షారఘటాన్ని ఎంచుకున్నారు.

ఆ తరువాతి ఘట్టంలో మరొక పాత్ర ప్రవేశిస్తుంది. డ్యూపాంట్ సంస్థలో వాల్తర్ గ్రాట్ అనే రసాయనవేత్త 1960ల చివర ఒక కొత్త ప్లాస్టిక్కును తయారుచేశాడు. అన్నం అంటుకోని మూకుళ్ళకు పూసే టెఫ్లాన్ ఉన్నదే, దానికి చెయ్యివలె గంధకికామ్లపు కొసను తగిలించాడు. ఒళ్ళు టెఫ్లాన్ కనుక ఏ ఆమ్లానికీ లొంగదు, కొస ఆమ్లం కనుక ధన కణాన్ని అందుకుని ముందుకు అందిస్తుంది. దానికి నాఫియాన్ అని పేరు పెట్టారు. ఇంధన ఘటాలవారు సంతోషించారు. 1969లో ఒక ఉపగ్రహంలో వాడారు కూడా. అయితే ఏడాదికి ఒక ఉపగ్రహం కోసం ఏ సంస్థ కర్మాగారం పెడుతుంది? నాఫియాన్‌కు అన్నం పెట్టినది ఇంధన ఘటం కాదు. కాస్టిక్ సోడా.

ఈ కథలో నాకు అన్నిటికంటె ఇష్టమైన మలుపు ఇది. మన గోదావరి ఒడ్డున కూడా దీనికి సాక్ష్యం ఉన్నది. సబ్బులకు, కాగితానికి, నూలుకు కావలసిన కాస్టిక్ సోడా ఉప్పునీటిలోకి విద్యుత్తును పంపితే వస్తుంది. దానితోపాటు క్లోరిన్, ఉదజని కూడా పుడతాయి. చిక్కల్లా వాటిని మళ్ళీ కలవకుండా ఆపడంలోనే. పూర్వం దానికి పాదరసాన్ని వాడేవారు, లేదా రాతినార అడ్డుతెర కట్టేవారు. జపానులో మినమాటా తీరాన పాదరసం కలిసిన చేపలు తిని మనుషులు కాళ్ళూ చేతులూ వంకరపోయి చనిపోయారు. 1956లో ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించారు. ఆ పాదరసం వచ్చినది కాస్టిక్ సోడా నుండి కాదు, ఎసిటాల్డిహైడ్ తయారుచేసే కర్మాగారం నుండి. ఐనా జనం పాదరసమనే పేరు వింటేనే వణికారు. 1973లో జపాను ప్రభుత్వం కాస్టిక్ సోడావారిని కూడా పాదరసం మానుకోమన్నది. మానితే బదులేది? పొర. 1975లో అసాహి కెమికల్ సంస్థ నొబెయోకాలో నాఫియాన్‌తో మొదటి పెద్ద పొరఘటాల కర్మాగారాన్ని నడిపింది. కొద్ది ఏళ్ళలోనే జపానువారు తమ సొంత పొరలు తయారుచేసుకున్నారు. సోడియం దాటాలి, క్షారం వెనక్కి రాకూడదు అని రెండు రకాల పొరలను కలిపి ఒకటిగా చేశారు. కొన్నవారే తయారీదార్లయ్యారు.

మన దేశంలో ఆ మార్పు మెల్లగా సాగింది. 2003లో ప్రభుత్వం కాలుష్యం ఎక్కువగల పరిశ్రమలతో ఒడంబడిక కుదుర్చుకున్నప్పుడు పాదరసఘటాలు మాని పొరఘటాలకు మారడం అందులో ఒక అంశం. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు తణుకులో చక్కెర కోసం మొదలుపెట్టిన ఆంధ్రా షుగర్స్ సంస్థకు కొవ్వూరులోనూ సగ్గొండలోనూ కాస్టిక్ సోడా కర్మాగారాలున్నవి. ఈనాడు అవి పొరఘటాలతో నడుస్తున్నవి. అదే సంస్థ 1980ల దశకం నుండి తణుకులో ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం చేసి ఇస్తున్నది. చెరకు బండ్లు వెళ్ళే దారినే రాకెట్టు ఇంధనం కూడా వెళ్ళడం మా జిల్లాలో ఎవరికీ వింత కాదు, ఎందుకంటే ఎవరూ పట్టించుకోలేదు!

లెక్క చూడండి. ఒక టన్ను కాస్టిక్ సోడాకు సుమారు 25 కిలోల ఉదజని దానంతటదే పుడుతుంది. ఇటువంటి కర్మాగారాలలో దానిని ఆమ్లం తయారీకి వాడుకుంటారు, బాయిలరులో మండిస్తారు, సిలిండర్లకెక్కించి అమ్ముతారు. వనస్పతి చేసేవారికి కూడా అది కావాలి. అంటే ఉదజని, పొర, రెండూ కలిసి గోదావరి జిల్లాలలో ఎప్పటినుండో కాపురం చేస్తున్నవి. రేపటి ఇంధనమని మనం ఎదురుచూస్తున్నది మన పెరటిలో ఉప ఉత్పత్తిగా ఉన్నది.

మరి అక్కడ గెలిచిన పొర ఇంధన ఘటంలో ఎందుకు తడబడింది? కాస్టిక్ సోడా ఘటం కదలదు, రాత్రింబగళ్ళు ఒకే తీరున నడుస్తుంది. అందులోని పొర మూడు నాలుగేళ్ళు నిక్షేపంగా పనిచేస్తుంది. పొర ధర సోడా ధరలో కలిసిపోతుంది. కారులోని ఘటం అలా కాదు. ఎక్కినప్పుడొకటి, ఆగినప్పుడొకటి, ఎండలో, చలిలో. పైగా ఈ పొర తడిగా ఉంటేనే ప్రోటాను నడుస్తుంది. ఆరితే దారి మూసుకుపోతుంది. మరీ తడిస్తే గాలికి దారి ఉండదు. నాట్లు వేసిన మడిలో నీరు పెట్టి తీసే మనవాళ్ళకు ఈ బాధ చెప్పకనే తెలుస్తుంది. నీరు మరిగే వేడికి లోపలే ఉండాలి కనుక 80 డిగ్రీల దగ్గర నడుపుతారు. ఉదజనిలో ఇసుమంత కార్బన్ మోనాక్సైడు ఉన్నా ప్లాటినం విషమెక్కి పడిపోతుంది.

అందుకనే 1970లలో ఇది దాదాపు మూలనపడింది. మళ్ళీ లేపినవారిద్దరు. ఒకరు కెనడాలోని బల్లార్డ్ సంస్థ. 1983లో సైన్యం ఇచ్చిన పనితో మొదలుపెట్టి 1993కి బస్సు నడిపింది. రెండవవారు అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలవారు. నాఫియాన్‌ను ద్రవంగా కరిగించి ప్లాటినం రజనుకు పట్టించడంతో ఒక చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాములు కావలసిన ప్లాటినం 0.4కు దిగింది. వార్తలలోకి ఎక్కే కొత్త పొరలకంటె ఈ చిన్న ఉపాయమే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం. ఇక మదుపుదార్లకు పట్టపగ్గాలు లేకపోయాయి. 2000లో బల్లార్డ్ వాటా ధర ఆకాశానికెగిరి, తరువాత నేలకు దిగింది. కార్లు 2004కి వస్తాయన్నారు. టయోటా మిరాయి 2014 డిసెంబరులో వచ్చింది.

మిరాయి వెనుక ఉన్న పొర కథ కొంచెం చెప్పుకోవాలి. వాన కోట్లకు గుడ్డ నేసే గోర్ సంస్థ 1969లో టెఫ్లాన్‌ను సాగదీసి సన్నని రంధ్రాల జాలీగా చేయడం కనుగొన్నది. ఆ జాలీలో నాఫియాన్ వంటి పదార్థాన్ని నింపితే పలుచగా ఉన్నా చిరగని పొర తయారైంది. తొలినాటి పొర సుమారు 180 మైక్రాన్ల మందం, ఇప్పటివి పది పదిహేను మైక్రాన్లు. మన తలవెంట్రుక వీటికంటె అయిదారింతలు లావు. పలుచబడినకొద్దీ ప్రోటానుకు దారి దగ్గరవుతుంది, నీరు నిలుస్తుంది, ఖరీదైన పదార్థం తక్కువ పడుతుంది. ఇది నిజమైన ముందడుగు. అయినా 2024లో షెల్ సంస్థ కాలిఫోర్నియాలో కార్ల కోసం పెట్టిన ఉదజని బంకులను మూసుకున్నది. 2025 ఫిబ్రవరిలో ఉదజని లారీల నికోలా దివాలా తీసింది. కార్ల విషయంలో బ్యాటరీ గెలిచింది. ఒప్పుకోవడానికి ఇబ్బంది పడనక్కరలేదు. నీటిని విడగొట్టి ఒక కిలో ఉదజని తీయడానికి యాభై యూనిట్లకు పైగా విద్యుత్తు పోస్తే, ఇంధన ఘటంలో తిరిగి వచ్చేది పదహారు పదిహేడు యూనిట్లు. బ్యాటరీ అయితే వేసినదానిలో ఎనభై తొంభై వంతులు తిరిగి ఇస్తుంది.

మిగిలిన ఆశ బరువైన లారీలలో, ఓడలలో, రోజుల తరబడి నిలవ ఉండవలసిన చోట. కారుకు 5,000 గంటల ఆయుస్సు చాలనుకుంటే, లారీకి అమెరికా ఇంధనశాఖ పెట్టిన గురి 25,000 నుండి 30,000 గంటలు. కొత్త పొరల వ్యాపారమంతా ఈ అంకె చుట్టూ తిరుగుతున్నది. వేడిని ఓర్చుకునే పాలీబెంజిమిడజోల్ పొర 1995 నుండి ఉన్నది, దానికి ఫాస్ఫారికామ్లం పట్టించి వాడతారు. ప్లాటినం అక్కరలేకుండా ఋణ కణాన్ని దాటించే పొరలు వస్తున్నవి, ఆయువే ఇంకా చాలడం లేదు. ఫ్లోరిన్ లేని పొరలకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. కారణం, నాఫియాన్ జాతి ప్లాస్టిక్కుల తయారీలో వెలువడే రసాయనాలు నేలలో నీటిలో చెక్కుచెదరక ఉండిపోతాయి. 2023 జనవరిలో అయిదు ఐరోపా దేశాలు ఆ జాతి మొత్తాన్ని కట్టడి చేయాలని ప్రతిపాదించాయి. 3ఎం సంస్థ 2025 చివరికల్లా వాటి తయారీని మానుకుంటానని 2022 డిసెంబరులోనే ప్రకటించింది. పాదరసాన్ని తరిమిన పొర మీదకు ఇప్పుడు అటువంటి నింద వచ్చి పడింది.

మన సంగతి. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో హరిత ఉదజని పథకాన్ని ఆమోదించింది. 2030కి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. 2025 జనవరి 8న విశాఖపట్నం దగ్గర పూడిమడకలో ఎన్‌టీపీసీ వారి కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. నీటిని విడగొట్టే యంత్రాలలో ఒక ముఖ్యమైన రకానికి ఇదే పొర కావాలి, పని మాత్రం తలకిందులు. ఇంధన ఘటాల మీద మనవాళ్ళు కొత్తగా కళ్ళు తెరవలేదు. మద్రాసులో స్పిక్ సైన్స్ ఫౌండేషన్ 1990లలోనే పనిచేసింది. హైదరాబాదు బాలాపూరులో ముఖ్యస్థానమున్న ఏఆర్‌సీఐ సంస్థ చెన్నైలో ఇందుకోసం ప్రత్యేక కేంద్రాన్ని నడుపుతున్నది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుండి వెళ్ళిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి అంచెలో ఇస్రో చేసిన పొర ఇంధన ఘటం 350 కిలోమీటర్ల ఎత్తున 180 వాట్ల విద్యుత్తును ఇచ్చింది. ఘటం మనదే. పొరల బజారు మాత్రం కొద్దిపాటి అమెరికా, జపాను సంస్థల చేతిలో ఉన్నది. కాస్టిక్ సోడాకు కొన్నాం, నీళ్ళ టిన్నులకు కొన్నాం, ఇప్పుడు దీనికీ కొనబోతున్నాం. పూడిమడకలో ఎంత ఉదజని పుడుతుందన్న దానికంటె, ఆ పొరను తయారుచేసే కర్మాగారం ఒక్కటైనా ఇక్కడ పుడుతుందా అన్న ప్రశ్నే నాకు పెద్దదిగా తోస్తుంది. పాఠాలు ఎటూ తాడేపల్లిగూడెంలో చెబుతున్నారు, పిల్లలు ఎక్కడ ఉద్యోగం చేస్తారన్నదే తేలాలి.

చివరగా కొల్లేటి లెక్క ఒకటి వేసి చూశాను. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను కొట్టేసిన తరువాత కూడా దాని వెలుపల చేపలు, రొయ్యల చెరువులకు కొదవ లేదు. రొయ్యల చెరువులో రాత్రిపూట ప్రాణవాయువు పడిపోకుండా ఏరేటర్లు తిరుగుతుండాలి. కరెంటు పోతే తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుంది. అందుకు గట్టుమీద డీజిలు జనరేటరు. చిన్న జనరేటరుకు లీటరుకు మూడు యూనిట్లు వస్తాయనుకుంటే, లీటరు వంద రూపాయలకు చేరువలో ఉన్న డీజిలుతో యూనిట్టు ముప్పై రూపాయలు దాటుతుంది. ఉదజని కిలో మూడు నాలుగు వందలకు కర్మాగారం దగ్గర దొరికినా, కిలోకు పదిహేడు యూనిట్ల లెక్కన ఇరవై రూపాయల చుట్టుపక్కల తేలుతుంది. ఇక్కడిదాకా బాగానే ఉన్నది. కానీ రెండు గుర్రాల ఏరేటరు ఒకటి ఎనిమిది గంటలు తిరిగితే పన్నెండు యూనిట్లు, అంటే ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ ఉదజని. మామూలు ఇనుప సిలిండరు ఒకటి యాభై కిలోలకు పైగా బరువుండి, మోసేది అర కిలో పైచిలుకు వాయువు. ఒక్క ఏరేటరుకు ఒక్క రాత్రికి ఒకటి చాలదు. ఎకరాల చెరువుకు పది పన్నెండు ఏరేటర్లు. వానాకాలంలో ఆ గట్లమీద సైకిలు నడపడమే కష్టం.